ఎటు తిరిగినా కిబ్లా

ఆ సాయంత్రం మా రేవు ఊరు సూర్‌లో ఎవరి కళ్ళూ ఒడ్డు మీద లేవు. ఊరి మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయని మేము ఖోర్ అంటాం. ఆ ఖోర్ మూతి బయట నౌకాదళం వారి తెరచాపల ఓడ లంగరేసుకుని ఉంది. తెల్లగా, కలగంటున్న కొంగలాగ. దాన్ని చూస్తుంటే ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టుండేది నాకు.

మన దేశపు ఓడ ఏదీ ఇంతవరకూ పోని దారిన అది మంచుకొండల దాకా పోతుందట. పోయేముందు మా ఊరి పెద్ద ఒకరు చుక్కాని చక్రం పట్టి దాన్ని కదిలించాలని కెప్టెన్ కబురు పెట్టాడు. పొద్దున్నే చిన్న పడవ ఒడ్డుకొస్తుంది. అందులో ఎవరు ఎక్కాలి? అది తేల్చడానికే మగవాళ్ళమంతా సబ్లా అరుగు మీద చేరాం. ఊరి మాటలన్నీ తేలేది అక్కడే.

అందరి మనసులోనూ ఉన్నది నఖోదా సంగూర్. జాంజిబార్ దాకా సరుకు ఓడలు నడిపిన మనిషి, అందుకే నఖోదా అంటాం. ఇప్పుడు కళ్ళల్లో పాలపొర కమ్మింది. ఆయన నోరు తెరిచి అడగలేదు. అడిగింది మర్హూన్. వయసులో ఉండగా నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడు. అప్పటికే నడుముకి వెండి ఒర ఖంజర్ కట్టుకుని, రేపటి ముస్తాబు ఇవాళే చేసుకుని వచ్చాడు.

"నాకు గొప్పలు చెప్పుకోవడం రాదు, ఉన్నదే చెబుతాను," అని మొదలుపెట్టాడు. "అప్పట్లో దీనికి అక్కలాంటి ఓడ ఒకటుండేది, దాని మీద మస్కట్ నుంచి బయల్దేరామా, కాస్త దూరం పోయామో లేదో పొగమంచు, ముక్కు ముందు వేలు కనపడదు, కెప్టెన్ చేతులెత్తేశాడు, నేనేమో ముక్కు పైకెత్తాను, ఎడమన ఎండు సొరచేప వాసన, కుడిన ఎండు నిమ్మకాయల వాసన, ఇంకేముంది, ఎడమన జాలర్లు, కుడిన అంగడి, నడుమ రేవు, పోనివ్వండి అన్నాను, ఓడ తిన్నగా పోయి రేవులో ఆగింది."

ఇందులో తప్పుపట్టడానికేం లేదు. మా ఊళ్ళో అలాంటి ముక్కులున్నాయి. నఖోదా కూడా తలూపాడు. ఆ తలూపడమే కొంప ముంచింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు మర్హూన్, కప్పు చాచి.

చేపల వేలం పాడే బఖీత్ ఆ పూట కాఫీ పోస్తున్నాడు. చాలు అనుకున్నవాడు కప్పుని అటూ ఇటూ ఊపాలి, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. మర్హూన్ కథలో పడి ఊపడం మరిచిపోయాడు. బఖీత్ పోస్తూనే ఉన్నాడు, అతను తాగుతూనే ఉన్నాడు, మాట మాత్రం ఆగలేదు.

భూమధ్యరేఖ దగ్గర ఓడ చటుక్కున ఆగిపోయిందట. అందరూ గాలి లేదనుకున్నారట. ఇతను వంగి చూస్తే రేఖ ఓడ మూతికి అడ్డం పడి ఉందట, వల తాడంత లావున. భుజం పెట్టి పైకెత్తి పట్టుకుంటే ఓడ కిందనుంచి దూరిపోయిందట. మన ఓడల్లో తాడు తెగకుండా రేఖ దాటింది అదే మొదటిదట.

"భుజం మీద మచ్చ ఉందా?" అని అడిగాడు బఖీత్.

"ఉంది. చొక్కా విప్పితే పెద్దవాళ్ళ ముందు మర్యాద కాదు," అని మర్హూన్ ముందుకి సాగిపోయాడు. "దక్షిణం కొసకి వెళ్ళాక అలలు మొదలయ్యాయి చూడండి, అల అంటే మీరు చూసే అల కాదు, ఎక్కడం మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం నమాజు, దాని నెత్తికి చేరేసరికి పొద్దు వాలాక చేసే అస్ర్ నమాజు, అక్కడ గాలి చల్లగా హాయిగా ఉంది, అక్కణ్ణుంచి చూస్తే ఏం కనిపించిందనుకున్నారు, ఖోర్ అవతల మన ఐజా దీపస్తంభం, ఇవతల మా అమ్మ మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది, నన్ను చూసి, ఒరేయ్, తలకి గుడ్డ చుట్టుకోరా, జలుబు చేస్తుంది అంది."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన నోట్లో పెట్టుకోబోయిన ఖర్జూరం పెదాల దగ్గరే నిలిచిపోయింది. ఇంత పెద్ద అబద్ధాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు మేము. నేనైతే ఆ తల్లి గొంతు వినేశాను కూడా.

మంచు సముద్రం చేరేసరికి రంజాన్ వచ్చిందట. అక్కడ సూర్యుడు అస్తమించడు. అస్తమించకపోతే ఉపవాసం విడిచేదెలా? ఓడలో కుర్రాళ్ళు నాలుకలు బయటపెట్టి పడిపోతున్నారట. అప్పుడితను పెద్ద తెరచాప విప్పి భుజాన వేసుకుని, స్తంభం కొసకి ఎక్కి, దాన్ని సూర్యుడి మీద కప్పేశాడట. చీకటి పడింది. కింద అందరూ ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. పెంగ్విన్లు రాత్రయిందనుకుని నిలబడ్డచోటే నిద్రపోయాయి.

"తెరచాప కాలలేదా?" అన్నాడు బఖీత్.

"తడిపి కప్పాను," అన్నాడు మర్హూన్.

అక్కడితో ఆపినా చక్రం అతనికే ఇచ్చేసేవాళ్ళమేమో. అంతలా బిగుసుకుపోయాం. కానీ కప్పు మళ్ళీ నిండింది.

"ఇదంతా ఒక ఎత్తు. భూమికి అటుపక్క, సరిగ్గా మక్కాకి అడుగున, సముద్రం నడుమ ఒక చోటుంది. అక్కడికి మొదట చేరింది మన ఓడే. అక్కడ ఎటు తిరిగి నిలబడ్డా మక్కా అంతే దూరం. అంటే నమాజుకి ఎటు తిరిగినా మక్కా దిక్కే, ఎటు తిరిగినా కిబ్లాయే. దిక్సూచి ముల్లు సిగ్గుపడి తల దించుకుంది. ఓడలో ఉన్నవాళ్ళందరం గుండ్రంగా, వీపులు కలిపి, ఒక్కొక్కడూ ఒక్కో దిక్కుకి తిరిగి నమాజు చేశాం. ముందు నిలబడి చేయించింది నేను."

ఆ గుండ్రటి వరస, నలువైపులా నీళ్ళు, ఏ వైపు నడిచినా ఇంటికే దారి. నాకు కళ్ళకి కట్టినట్టుంది.

నఖోదా సంగూర్ పాలపొర కళ్ళు మెల్లగా పైకెత్తాడు. "గుండ్రంగా నిలబడితే నువ్వు ముందెలా అవుతావు నాయనా?"

మర్హూన్ ఒక్క గుటక ఆలోచించాడు. "నేను స్తంభం మీదున్నాను," అన్నాడు. "ఇంత చేసినవాడికి రేపు చక్రం ఇవ్వక ఇంకెవరికిస్తారు, చెప్పండి."

అప్పుడు కదిలాడు సువైలిం. మర్హూన్ బావమరిది, వలలు అల్లేవాడు. అంతసేపూ ఖర్జూరం గింజలు నేల మీద వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాడు.

"బావా, మా అక్క పెళ్ళి గుర్తుందా?" అన్నాడు.

మర్హూన్ మళ్ళీ కప్పు చాచాడు.

"అప్పటికి ఖోర్ మీద ఈ వంతెన లేదు," అని సువైలిం మాకు చెప్పాడు. "పెళ్ళివారంతా డప్పులు కొట్టుకుంటూ పడవల్లో ఖోర్ దాటి ఐజా వచ్చారు. పడవల్లో అందరూ ఉన్నారు, పెళ్ళికొడుకు లేడు. మా నాన్న వణికిపోయాడు, పారిపోయాడేమోనని. మాంసం చల్లారిపోయింది, అన్నం గడ్డకట్టింది. చీకటి పడబోతుంటే వచ్చాడు బావ, మోకాళ్ళ దాకా బురదతో. పడవంటే భయమేసి ఖోర్ చుట్టూ నడిచొచ్చాడు. మా అవ్వ కాళ్ళు కడగలేక అలిసిపోయింది. నౌకాదళంలో బావ పని ఒడ్డు మీదే, రొట్టెల బట్టీలో. ఓడలకి రొట్టెలు పంపేవాడు. రొట్టెలు బాగుండేవట."

సూర్యుడి మీద తెరచాప కప్పినప్పుడు కూడా అంత నిర్ఘాంతపోలేదు మేము. సూర్‌లో పుట్టి పడవ ఎక్కని మగవాడు ఉంటాడని ఎవరం ఊహించగలం? బఖీత్ పోస్తున్న కాఫీ కప్పు దాటి మర్హూన్ ఒళ్ళో పడుతోంది. ఇద్దరికీ తెలియలేదు.

చివరికి మర్హూన్ ఖంజర్ సర్దుకున్నాడు. "పడవ వేరు, ఓడ వేరు," అన్నాడు. "ప్రపంచం చుట్టినవాణ్ణి పిల్ల పడవలో ఎక్కమనడం అవమానం. ఓడనే వంతెన దాకా రమ్మనండి, నేను వంతెన మీద నుంచి అడుగేస్తాను."

అరుగంతా విరగబడి నవ్వింది. నఖోదా ఒక్కడే నవ్వలేదు. "అక్కడ అంత ఓడకి నీళ్ళు చాలవు నాయనా. పొద్దున పడవలో నేనే వెళ్తాను. చక్రం పట్టేది చేతులతోనే కదా." మర్హూన్ వైపు చెయ్యి చాచి వెతికి, అతని మోకాలు తట్టాడు. "నీ రొట్టె తిన్నవాళ్ళు తిరిగొచ్చారు. అదీ తక్కువ కాదు."

మర్హూన్ అప్పుడు ఊపాడు కప్పుని, అటూ ఇటూ, మెల్లగా. చాలు అని.

అంతలో పొద్దు గుంకి మగ్రిబ్ అజాన్, నమాజు పిలుపు, వినిపించింది. చాపలు పరిచి, మక్కా ఉన్న దిక్కుకి, కొండల వైపు తిరిగి వరస కట్టాం. మర్హూన్ మాత్రం సముద్రం వైపే నిలబడిపోయాడు. అక్కడ ఓడ మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

సువైలిం అతని వెనక్కి వెళ్ళి రెండు భుజాలూ పట్టుకుని, నిద్రలో ఉన్న పిల్లాణ్ణి తిప్పినట్టు ఇటు తిప్పాడు.

"బావా, మనమింకా సూర్‌లోనే ఉన్నాం. ఇక్కడ కిబ్లా ఒక్కటే."