ఏడాది అరవం

మదురై పెద్ద డాక్టరుకు బిడ్డను చూపించి, కోడలు అప్పుడే రాజపాళయం బస్సు దిగి ఇంటికి వచ్చింది. అత్త పత్తి ఒలవడం ఆపింది. కోడలి వెంట వచ్చిన ఆరేళ్ళ బిడ్డ అళగమ్మ ఎవరి ముఖమూ చూడకుండా పత్తిగింజలను వరుసగా పేర్చసాగింది.

"ఏమన్నాడే?"

"చెవులు బాగుండాయంట అత్తా. మాటలు సరిగా రాకపోయేది పుట్టుకతోనే వచ్చిందంట. ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పినాడు, నాకు నోరు తిరగలేదు."

"ఇంట్లో తెలుగు, వీధిలో అరవం అయితే బిడ్డ కలవరపడతాది, ఇంట్లోనూ అరవమే మాట్లాడండని పోయినేడు ఆయనే గదా చెప్పినాడు?"

"ఇప్పుడు ఏ భాషయినా ఒకటేనంట."

"నా అరవం సంతలో బేరానికి చాలు, బిడ్డను ముద్దు చేసేదానికి చాలదు. ఏడాదిగా బిడ్డతో తెలుగు మాట్లాడకుండా నోరు కట్టుకున్నానే! ముందర అవ్వా అని ఒక్క మాటన్నా పిలిచేది, అదీ పాయె."

"నాకు తెలీదా అత్తా?"

"తప్పయిందని అన్నాడా?"

"లే. తెలుగు మానమని ఎవరు చెప్పినారమ్మా అని నన్నే అడిగినాడు."

"నువ్వేమన్నావు?"

కోడలు తల దించుకుంది.

"అంత పెద్ద డాక్టరు ముందర ఇంకేం చెప్పేది? మా అత్త చెప్పిందన్నాను."