బియ్యం డ్రమ్ములో బొమ్మలు

క్రిస్మస్ నాటి సాయంత్రం, కనకమామిడిలో ఒక ఇల్లు. ఎసట్లోకి బియ్యం తీయబోయిన నానమ్మ చేతికి ఏదో మెత్తగా తగిలింది.

"ఏమయ్యా, జర గిటు రా. మనుమరాలు కెజియా బొమ్మలు బియ్యంల దాచింది."

"గిన్ని బొమ్మలెందుకే పోరికి? మన కొడుక్కు పండుగకు ఒక్క గాలి బుగ్గ కొనిస్తె వాడకట్టంత ఉరికెటోడు. అమ్మ, నాయన కలిసి పిల్లను ఖరాబు చేస్తున్నరు."

"కలిసి యాడున్నరయ్యా? ఇవి నిన్న కోడలు చేవెళ్ల నుంచి తెచ్చినయి."

"మరి పొద్దుగాల మనోడు పట్నంకెళ్లి తెచ్చినయి?"

"మంచం కింద దుప్పటి కప్పి పెట్టింది. రేపు మల్ల అమ్మొస్తది గద."

"దాచుడెందుకు?"

"పోయిన క్రిస్మస్‌కు యాది లేదా? కోడలు తెచ్చిన బొమ్మ చూసి మనోడు అంతకంటె పెద్దది తెచ్చిండు. అది చూసి ఆమె ఇంకా పెద్దది తెచ్చింది. విడిపోయినంక ఇద్దరికీ గదే పంతం. ఒకల్లు తెచ్చినయి చూస్తె ఇంకొకల్ల మొఖం మాడ్తదని పిల్ల కనిపెట్టింది."

"మరి ఆడుకునేదెప్పుడు?"

"మంచం కింద పెట్టేటప్పుడు నేను గూడ గదే అడిగిన. 'ఇద్దరు కలిసి వచ్చిననాడు ఆడుకుంట నానమ్మా, ఆ రోజు దాచే పని ఉండది' అన్నది."

నానమ్మ బయటికి తీసిన బొమ్మను తాత మెల్లగా మళ్లీ డ్రమ్ములోనే పడుకోబెట్టాడు. దాని చెయ్యొకటి పైకి కనబడుతుంటే, మీద ఇంకో దోసెడు బియ్యం పోశాడు.