ముసల్దాని దగ్గు

జనవరి నెల, ఉదయం ఏడు దాటింది. కాలిఫోర్నియా నారింజ తోటల మధ్య ఒక చిన్న ఊరు, నిండా పొగమంచు. బడి బస్సు నడిపే యులాలియా, బడి ఆఫీసులో కూర్చున్న ఆమె అక్క కూతురు మరిసెలా రేడియోలో మాట్లాడుకుంటున్నారు.

"ఒక్కరూ ఎక్కలేదా పిన్నీ?"

"ఎక్కలేదంటే... పెద్దగా ఎక్కలేదు."

"పెద్దగా ఏంటి?"

"ఎక్కలేదనే అనుకో మరిసెలా. మూడు స్టాపులు దాటా. బండి కొత్త పెళ్ళికూతురులా మెరిసిపోతోంది. పెళ్ళికే ఎవరూ రాలేదు."

"నవ్వుతావేంటి?"

"ఏం చెయ్యనే! వేలితో తిప్పితే తిరుగుతోంది. ఇరవై రెండేళ్ళు ఆ ముసల్దాన్ని, ఆ డీజిల్ బస్సుని నడిపి నా పళ్ళు కదిలిపోయాయి. ఇవాళ కప్పులో కాఫీ తొణకలేదు, తెలుసా?"

"కాఫీ సంగతి తర్వాత! ఎనిమిదింటికి రాష్ట్రం వాళ్ళొస్తారు. ఈ కరెంటు బస్సులోంచి పిల్లలు దిగుతుంటే చూసి, అప్పుడు మిగతా నాలుగు బస్సులకీ సంతకం పెడతారు. ఖాళీ బస్సు చూస్తే ఏమంటారు? అక్కర్లేని ఊరికి ఇచ్చాం అంటారు. మూడేళ్ళు నింపాను పిన్నీ ఆ దరఖాస్తులు!"

"తెలుసులే. మన గాలి ఎంత పాడో, మనం ఎంత లేనివాళ్ళమో లెక్కేసి రాష్ట్రంలోనే పై వరసలో పెట్టారు. మన దరిద్రానికి మార్కులొస్తాయని నేను కలలో కూడా అనుకోలేదు."

"జనం భయపడి పంపలేదేమో. మీటింగులో ఎవరో అడిగాడుగా, వానొస్తే పిల్లలకి షాకు కొడుతుందా అని?"

"ఆ అడిగింది మీ బాబాయే."

"మా బాబాయా!"

"పొద్దున కూడా చెక్కబూట్లేసుకుని వెళ్ళమన్నాడు. ఉండుండు... నాలుగో స్టాపుకొచ్చా. బండి ఆపాను. కిటికీలో దీపం వెలుగుతోంది. పిల్లాడు సంచీ తగిలించుకుని కూర్చుని టోర్టియా రొట్టె తింటున్నాడు. లైట్లు కొట్టా. చెయ్యి ఊపాడు."

"వస్తున్నాడా?"

"లేదు, ఇంకో ముక్క తుంచుకున్నాడు. అయ్యో దేవుడా! మరిసెలా, వాళ్ళు వింటున్నారే!"

"ఏం వింటున్నారు?"

"ముసల్దాన్ని! నువ్వూ అలాగే పెరిగావుగా. కాలవ మలుపులో అది రెండు దగ్గులు దగ్గితే బూట్లేసుకోవాలి. నారింజల షెడ్డు దగ్గర గేరు అరిస్తే తలుపు తియ్యాలి. ఈ మంచులో గడియారం ఎవరు చూస్తారు? నా బండికి చప్పుడేది? దోమకి ఎక్కువ, ఈగకి తక్కువ!"

"అయితే దిగి తలుపు కొట్టు."

"దిగలేను."

"ఎందుకు?"

"బస్సులో పిల్లలుండగా డ్రైవరు దిగకూడదు."

"పిల్లలే లేరుగా!"

"...రూలు రూలే."

"పోనీ హారన్ కొట్టు."

"రాత్రి షిఫ్టు వాళ్ళు ఇప్పుడే పడుకునుంటారు. కిందటేడు ఒక్కసారి కొట్టా, అద్దం మీదకి బూటు వచ్చిపడింది. రెండోది కూడా పడేసుంటే మీ బాబాయికి పనికొచ్చేది."

"నాకు ఏడుపొస్తోంది, నువ్వేమో... పైగా ఏడున్నరకి ఇంటికెళ్ళి నా పిల్ల ఇత్సెల్‌ని కారులో తేవాలి."

"ఇవాళ వెళ్ళకులే."

"ఏం?"

"మంచు. రోడ్డు కనబడదు."

"నువ్వు నడపట్లేదా? ఉండు, పాత బస్సునే ముందు నడిపిద్దాం, మెకానిక్ కూకో ఇక్కడే ఉన్నాడు. కూకో! ఇలా రా! ముసల్దాన్ని స్టార్ట్ చెయ్యి."

"ఎలా చేస్తానక్కా? నిన్న ఇంజన్‌కి రంధ్రం పెట్టానుగా, అరచెయ్యంత. పాతది చంపితేనే కొత్తదానికి డబ్బిస్తారని నువ్వే నిలబడి ఫొటో తీశావు."

"...తీశాను."

"హమ్మయ్య! ఆ పొగ ఇవాళ నా బండి దగ్గరకి రానివ్వను!"

"నీకేమయింది పిన్నీ? ఇన్నేళ్ళూ ఆ పొగే పీల్చావుగా!"

"నేను పీల్చా. నా సంగతి వేరు."

"అక్కా... నవ్వనంటే ఒకటి చెప్తా."

"చెప్పు కూకో."

"రంధ్రం పెట్టేముందు ఆఖరిసారి స్టార్ట్ చేసి, దాని చప్పుడు ఫోన్లో పట్టుకున్నా. రాత్రి రెండుసార్లు విన్నా."

"కూకో!"

"నవ్వనన్నావు."

"నేను కాదు, పిన్ని నవ్వుతోంది."

"నవ్వట్లేదురా నాయనా, నీకు మొక్కుతున్నా! ఆ ఫోను రేడియోకి ఆనించు. నా బండికి బయట స్పీకరుంది, అందులోకి వదుల్తా."

"షిఫ్టు వాళ్ళు లేస్తారేమో పిన్నీ?"

"దానికి లేవరు. ఆ చప్పుడుకే వాళ్ళు నిద్రపోయేది. కానివ్వరా!"

"ఖళ్... ఖళ్ళు ఖళ్ళు... గర్ర్ర్ర్..."

"అదీ! తలుపు తెరుచుకుంది! టోర్టియాతో సహా పరిగెత్తుకొస్తున్నాడు! వెనక్కి తిప్పుకుని మొదటి స్టాపు నుంచీ వస్తా, ఆపకండి!"

"పిన్నీ, ఏమవుతోంది? ఇరవై నిమిషాలైంది, కూకో చెయ్యి నెప్పంటున్నాడు."

"ఒకడు ఒంటి బూటుతో ఎక్కాడు. ఒకమ్మాయి తమ్ముడి సంచీ తెచ్చుకుంది, తమ్ముణ్ణి మర్చిపోయింది, మళ్ళీ వెళ్ళి తెచ్చింది. ఊళ్ళో కుక్కలన్నీ ముసల్దాని కోసం ఉరికొచ్చి, నన్ను చూసి తెల్లబోయాయి!"

"మొత్తం ఎక్కారా?"

"నలభై రెండు."

"జాబితాలో నలభై ఒక్కరేగా?"

"అవునా?"

"పిన్నీ. ఎవరా నలభై రెండో మనిషి?"

"మొదట్లోనే ఎక్కింది. ముసల్ది వచ్చే వేళకి, ఆ పొగ పడక, రోజూ కిటికీలు మూయించుకునే పిల్ల. ఊరు మొత్తానికీ ఆ దగ్గు కోసం ఎదురుచూడని పిల్ల అదొక్కతే. మీ అమ్మే చెయ్యి పట్టుకొచ్చి ఎక్కించింది."

"పిన్నీ!"

"తిట్లు తర్వాత తింటా. ఇదిగో, మాట్లాడు."

"ఇత్సెల్? బంగారూ, ఊపిరి ఆడుతోందా? ఇన్‌హేలర్ దగ్గరే ఉందా?"

"ఆడుతోందమ్మా. అయ్యో, ఇన్‌హేలర్ వంటింటి బల్ల మీదే ఉండిపోయింది. నువ్వడిగితేనే గుర్తొచ్చింది."