దుప్పటి దగ్గర అయిదో మనిషి

1989 ఆగస్టు ఏడవ తేదీన ఆళ్లగడ్డలో ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా విధుల్లో చేరిన శ్రీమతి లూదియా గారు, ఈ నెలాఖరున నంద్యాలలో, మన ఎముకల వార్డు హెడ్ నర్సుగా పదవీ విరమణ చేస్తున్న శుభవేళ, ఇకపై మనల్ని కేకలేసేవారెవరన్న దిగులు తప్ప మిగిలినదంతా ఆనందమే.

తొలినాళ్లలో వారికి తమ బలంపై అపారమైన నమ్మకం. ఎంతటి భారీ మనిషినైనా మంచం మీది నుంచి కుర్చీలోకి ఒంటరిగా మార్చి, అందరి మెప్పూ పొందేవారు. ఒకనాడు అలా లేపుతుండగా, పడిపోతానన్న భయంతో రోగి వారి మెడను వాటేసుకున్నాడు. అతడు క్షేమంగానే కూర్చున్నాడు గానీ, లూదియా గారి నడుము పట్టేసింది. పక్కకు ఒత్తిగిలడానికి సైతం భర్త సంజీవయ్య మాస్టారి చేయి కావలసివచ్చిన ఆ నెలల్లో వారు ఏడవని రోజు లేదు. ఇంకోసారి దెబ్బ తగిలితే వార్డు పని మరిచిపోవలసిందేనని డాక్టరు తేల్చిచెప్పారు. ప్రాణప్రదమైన వృత్తి చేజారుతుందేమోనన్న భయం నాటి నుంచి వారిని వదలలేదు.

నంద్యాలకు వచ్చాక ఆ భయాన్నే వారు వార్డుకు నియమంగా మార్చారు. కదలలేని మనిషిని ఎవరూ ఒక్కరే ఎత్తరాదు, చంకల్లో చేతులు పెట్టి లాగరాదు. ఒంటి కింద దుప్పటి పరిచి, నలుగురు నాలుగు కొసలూ పట్టి, ఒకరు చెప్పిన మాటకు అందరూ ఒక్కసారిగా స్ట్రెచర్ పైకి జరపాలి. మనం విసుక్కున్నాం, అయినా వారు వినలేదు.

ఆ నియమానికి అడ్డు తగిలిన ఏకైక వ్యక్తి, తుంటి విరిగి చాగలమర్రి నుంచి వచ్చిన మహానందమ్మ గారు. దుప్పటినీ, చుట్టూ నిలిచిన నలుగురినీ చూసి ఆమె మండిపడ్డారు.

"నలుగురు మోసేదానికి నేనేమన్నా సచ్చినానా? నన్ను ముట్టుకోవద్దండి."

ఆమె కుమారుడు శ్రీహరి చొక్కా చేతులు మడిచాడు. "జరగండక్కా, మాయమ్మను నేనే ఎత్తుకుంటా."

లూదియా గారు అడ్డంగా నిలబడ్డారు. "నువ్వెత్తితే ఆయమ్మ తుంటీ పోతాది, నీ నడుమూ పోతాది. నేను పోగొట్టుకొని చూసినానప్పా." ఆపై పెద్దావిడ వైపు తిరిగి, "నలుగురు వద్దులేమ్మా, అయిదుగురం పడతాం. నీ తలకాడ నేనుంటా. అయిదుగురు మోసేది యాడన్నా చూసినావా?" అన్నారు.

మహానందమ్మ గారు చుట్టూ ఉన్నవారిని వేలితో లెక్కపెట్టారు. "లేదు. అట్లయితే కానీండి."

లూదియా గారు తలగడ పట్టుకుని "ఊఁ, ఎత్తండి" అన్నారు; పెద్దావిడ "అబ్బా" అనకుండానే స్ట్రెచర్ పైకి చేరారు. తలవైపు ఒకరుంటే పని మరింత సాఫీగా సాగుతుందని తెలిసి, మనం నేటికీ అయిదుగురమే నిలబడుతున్నాం. కొత్తగా వచ్చిన డాక్టర్లు కారణం అడిగితే ముసిముసిగా నవ్వుకుంటాం.

నడుము ఏనాడు తమను ఇంటికి పంపుతుందోనని ఇన్నేళ్లూ బెంగపడిన లూదియా గారిని, చివరికి వయసు మాత్రమే పంపగలిగింది. వారు ఆయురారోగ్యాలతో, మాస్టారి పక్కన నిటారుగా నడుస్తూ, ఎవరి చేతిసాయమూ అక్కరలేకుండా నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం.