నాలుగు నెత్తురు చుక్కలు

తిరుత్తణి మగ్గాల వీధిలో మిట్టమధ్యాహ్నం. తిరువళ్లూరు ఆస్పత్రి నుంచి వచ్చిన నర్సు దేవసేన గడపలో నిలబడి ఉంది. ఎదురుగా మునిరాజు. లోపలి గది తలుపుకు అడ్డంగా వాళ్ళమ్మ సెల్లమ్మ. ఆ గదిలో మునిరాజు భార్య, బాలింత కలైవాణి, తొమ్మిది రోజుల మగబిడ్డ.

“పద్నాలుగు సార్లు ఫోన్ చేసినాను అన్నా. ఒక్కసారన్నా తీయకూడదా?”

“మగ్గం మోతలో వినపడలేదు మేడం. ఏమైంది? ఇంటిదాకా వచ్చినారే!”

“బాబు పాలు తాగతా వుండాడా? అది చెప్పండి ముందు.”

“తాగతాడు, తాగతాడు. పొద్దున్నించీ కొంచెం...”

“నువ్వుండు మునీ. బిడ్డ బాగుండాడు అమ్మణ్ణీ. నిద్రపోతా వుండాడు.”

“ఎప్పట్నించి నిద్ర, పెద్దమ్మా?”

“పసిబిడ్డకి నిద్ర కాక ఇంకేం పని?”

“రాత్రి నించి మేడం. లేపినా సరిగ్గా లెయ్యడం లేదు.”

“మునీ!”

“అన్నా, వీధి చివర అంబులెన్సు వుంది. మీ వీధి పొడుగునా మగ్గాలకి పడుగు నూలు సాచినారు, బండి లోపలికి రాలేదు. బిడ్డని, కలైవాణిని తీసుకోని రండి. చెన్నైకి పోవాలి. సీక్రం.”

“చెన్నైకా! బాగుంది! పురిటి మైల, తీట్టు పోలేదు, పదకొండో దినం స్నానం కాలేదు, బిడ్డ గడప దాటేదెట్ల? ఎవరు చెప్పినారు నీకు?”

“నెత్తురు చెప్పింది పెద్దమ్మా. మూడో దినం బాబు మడమలో గుచ్చి కార్డు మీద నాలుగు చుక్కలు తీసినాము కదా. దాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్ అనే మిషన్లో పెడతారు. నెత్తురులో ఏమేం వుందో ఒక్కొక్కదాన్నీ బరువును బట్టి పట్టేస్తుంది అది. మీ బాబుకి ల్యూసిన్ అనేది వుండాల్సిన దానికి పదింతలు వుంది.”

“అంటే ఏంది మేడం?”

“పాలల్లో వుండేదే అన్నా. మన ఒళ్ళు దాన్ని అరిగించుకుంటుంది. బాబు ఒళ్ళు అరిగించలేదు. తాగే కొద్దీ పేరుకోని మెదడుకి ఎక్కుతుంది.”

“తల్లిపాలు ఎక్కుతాదా మెదడుకి? మురుగా! ఏం మాటలివి!”

“ఒక మాట అడగతాను. బాబు ఉచ్చగుడ్డ వాసన ఎట్లుంది? పాకం మాడినట్ల వుందా?”

“ఊ... తియ్యగా వుంది మేడం. నేనే అనుకున్నా, ఇదేంది ఇట్ల...”

“అది మెంతులు! బాలింతకి దినమూ మెంతి కళి చేసి పెడతా వుండాను. మెంతిపిండి, బెల్లం, నువ్వులనూనె. తల్లి తింటే పాలల్లోకి వస్తాది, బిడ్డ ఉచ్చలోకి వస్తాది. ఈ వీధిలో ఏ పురిటింట్లోకన్నా పోయి చూడు, ఇదే వాసన.”

“నిజమే పెద్దమ్మా. మెంతులకి గూడా అదే వాసన వస్తుంది. మా డాక్టరమ్మ గూడా అదే అడిగింది. అందుకే రెండోసారి చూసినారు. ఒకే బరువుండేవి మూడు నాలుగు కలిసిపోయి మొదటిసారి ఒకటే మాదిరి కనపడతాయి. రెండోసారి విడదీసి చూస్తారు. ఈ జబ్బుండే బిడ్డల్లోనే పెరిగేది ఒకటుంది, అది బయటపడింది. మణుగు మెంతులు తిన్నా అది నెత్తురులోకి రాదు.”

“ఇప్పుడు పోతే, మేడం?”

“ఇప్పుడు పోతే నెత్తురు శుభ్రం చేస్తారు. ల్యూసిన్ లేని పాలపొడి వుంది, అది పడతారు. బతుకుతాడన్నా, బడికి పోతాడు. రేపంటే నేను చెప్పలేను.”

“అమ్మా, పోదామా?”

“స్నానం కానీ. కొండకి మొక్కుకోని, ఆమీద పోదాం. రెండు దినాలే గదా.”

“రెండు దినాలు లేవు పెద్దమ్మా!”

“నిన్న మొన్న పుట్టినదానివి, నాకు చెప్తావా? ఎన్ని పురుళ్ళు చూసినాను నేను!”

“సరే. అన్నా, కలైవాణి పెళ్ళికి ముందే మీకు సొంతమా, చుట్టమా?”

“మా మేనమామ కూతురు. నేను ఒద్దనే అన్నాను, అమ్మే పట్టుబట్టి...”

“ఇప్పుడదెందుకు? ఈ వీధిలో సొంతంలో చేసుకోనోళ్ళు ఎవరుండారు?”

“తప్పు పట్టడం లేదు పెద్దమ్మా. తల్లి వైపు, తండ్రి వైపు రెండు పక్కలా దాగుంటేనే ఈ జబ్బు బిడ్డకి వస్తుంది. మీ యింట్లో ఇంతకుముందు పసిబిడ్డలు ఎవరన్నా పోయినారా?”

“లేదు.”

“పెద్దమ్మా...”

“లేదంటి గదా! ఎన్నిసార్లు అడగతావు?”

“ఒకసారే అడిగినాను.”

“అమ్మా, కలై అరస్తా వుంది, వినపడలేదా? జరుగు... అయ్యో! మేడం, బిడ్డ వెనక్కి వొంగతా వుండాడు! విల్లు మాదిరి! మేడం!”

“ఎత్తుకోండన్నా! పక్కకి తిప్పి ఎత్తుకోండి. పాలు పట్టొద్దు, చుక్క గూడా. రండి, రండి!”

“అమ్మా, దోవ ఇడువు! ఎందుకట్ల నిలబడిపోయినావు?”

“ఇంగ కొంచేపటికి ఏడుపు గూడా రాదు. పిల్లికూన మాదిరి సన్నంగా ఒక్కసారి అంటాడు. అంతే.”

“పెద్దమ్మా... మీకెట్ల తెలుసు?”

“పో మునీ. పడుగు అడ్డమొస్తే తెంచుకోని పో. ఎవరన్నా అడిగితే సెల్లమ్మ తెంచమనింది అని చెప్పు.”

“ఏం మాట్లాడతా వుండావమ్మా నువ్వు?”

“నువ్వు నా మొదటి బిడ్డవి కాదురా. నీకు ముందొకడు పుట్టినాడు. ఇట్లే, తొమ్మిదో దినం పోయినాడు. ఇంకమీద మీ యింట్లో సొంతంలో ఇచ్చి పుచ్చుకోవద్దండి అని డాక్టరు నా మొగం చూసి చెప్పినాడు. అది తెలిసీ, తమ్ముడు దూరమైపోతాడని, వాని కూతుర్ని తెచ్చి నీకు చేసినాను.”