చెంచా ముట్టుకోకూడని రోజు

సభాధ్యక్షులకు, అంటే నలభై ఏళ్లుగా మా కాఫీ గింజలు కొని వేయిస్తూ ఒక్కసారి కూడా బాగున్నాయని నోరారా అనని పెద్దాయనకు (నవ్వులు), వేదిక మీది పెద్దలకు, గింజలు వేయించి అమ్మే మిత్రులకు, సముద్రం దాటి వచ్చి ముందు వరుసలో కూర్చున్న మా పాత రైతుగారికి, మా ఇంటిల్లిపాదికీ నమస్కారం.

వీడ్కోలు సభ కదా, ఇందాకటి నుంచి అందరూ నా నాలుక బంగారమని తెగ పొగుడుతున్నారు. మా ఆవిడ మాత్రం ఇన్నేళ్లలో కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా నన్ను అడగలేదు (నవ్వులు). నాన్నగారు పెట్టిన ఈ వ్యాపారంలో ఉత్తరాలు, ఓడలు, సంచులు మా చెల్లెలివి. నా పనల్లా విదేశాల రైతులు పంపిన నమూనా గింజలు వేయించి, కాచి, చెంచాతో జుర్రి, బాగుంటే మీకు చెప్పడం, బాగోకపోతే ఎందుకు బాగోలేదో రైతుకు రాయడం. రుచి చూసే గదికి నాన్నగారి నియమాలు ఉండేవి. సెంటు పూసుకుని వచ్చినందుకు మా బావగారిని, కొత్త అల్లుడని కూడా చూడకుండా, గుమ్మంలోనే నిలబెట్టేశారు. తల దించుకోకండి బావగారూ, పాత సంగతే (నవ్వులు). అన్నిటికన్నా గట్టి నియమం, జలుబు చేసినవాడు చెంచా ముట్టుకోకూడదు.

అది నేను ఒకసారి తప్పాను. చెప్పకుండానే వెళ్లిపోదామనుకున్నాను గానీ, ముందు వరుస చూశాక మనసు ఒప్పడం లేదు.

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. ముక్కు కింద బామ్ రాసుకుని గదిలోకి వెళ్లాను. ఆ రోజు బల్ల మీద ఉన్నది ఈ రైతుగారి నమూనా ఒక్కటే. నోట్లో పోసుకోగానే మందు వాసన కొట్టింది. మా చెల్లెలు తలుపు దగ్గర నుంచే, "అన్నయ్యా, ఆ వాసన నీదే. నాలుగు రోజులాగి చూడు" అంది. నాకే నేర్పడానికొచ్చావా అని కసిరాను. మందు వాసన, వద్దు అని ఆ పూటే ఉత్తరం పంపించాను.

పదో రోజుకు జలుబు తగ్గింది. మిగిలిన గింజలు ఒక్కణ్ణే వేయించుకుని తాగాను. వాసనా లేదు, గీసనా లేదు.

మళ్లీ ఒక ఉత్తరం ముక్క రాస్తే సరిపోయేది. పరువు పోతుందని రాయలేదు. ఈలోగా ఆయనే, వాసన ఎక్కడిదై ఉంటుందో చెప్పగలరా అని అడిగారు. గింజలు ఆరబోసే గచ్చు చూసుకోండి అని రాసిన చెయ్యి ఇదే. ఆయన గచ్చు తవ్వించి కొత్తది వేయించారు. అది చాలదనుకుని బావి మార్చారు. అప్పటికీ మనసు కుదుటపడక, రెండేళ్లకు కాఫీ చెట్లు పీకించి మొక్కజొన్న వేశారు. మా మాట మీద ఆయనకు అంత గురి. మమ్మల్ని అనుమానించలేదు, తన నేలనే అనుమానించారు.

ఆయన్ని ఎందుకు పిలిచావమ్మా అని మా చెల్లెల్ని వారం నుంచి అడుగుతున్నాను. పాత స్నేహితుడు కదా అంటోందే తప్ప ఇంకో మాట లేదు. నీకు అన్నీ తెలుసు కదూ.

ఆయన పక్కన కూర్చుని నా మాటలు ఆయన భాషలో చెబుతున్న అమ్మాయి ఇందాకే ఆగిపోయింది. ఆగకు తల్లీ. ఉన్నది ఉన్నట్టు చెప్పు. మేమందరం ఆగుతాం.

(విరామం)

అయ్యా, తప్పు మీ గచ్చుది కాదు, మీ బావిది కాదు. నా ముక్కుది, అంతకన్నా నా పొగరుది. క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. రేపటి నుంచి ఈ చెంచా మా మేనకోడలిది. అమ్మాయ్, తుమ్ము వస్తే ఇంటికి వెళ్లు.

(విరామం)

ఏమంటున్నారమ్మా ఆయన? ... ఇంతకీ ఆ కాఫీ బాగుందా అని అడుగుతున్నారా?

బాగుందండీ. చాలా బాగుంది. ఒక కప్పు అయ్యాక ఇంకో కప్పు కాచుకుని తాగాను. ఈ మాట మీకు ఆనాడే రాయవలసింది.

నన్ను ఇంతకాలం నమ్మిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.