మూడు పలకల రేకు

మధ్యాహ్నం మూడు గంటలు. రేకుల పని చేసే షెడ్డు. అక్క బల్ల మీద రేకు పరిచి గీత గీస్తోంది. సర్వే ఆఫీసులో జీపు నడిపే తమ్ముడు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"కాదక్కా, ఒక్కసారి చూడు. ఫోన్ నేనే పట్టుకుంటాను, నువ్వు చూస్తే చాలు."

"చూశాన్రా. పొద్దున్నించి వీధి వీధంతా అదే చూపిస్తోంది. టీ కొట్టతను చూపించాడు, పక్క షెడ్డు మెకానిక్ చూపించాడు, ఇప్పుడు నువ్వు. ఆ కొస పట్టుకో, రేకు జారుతోంది."

"పట్టుకున్నా. ఏమనుకుంటున్నావు?"

"అనుకోవడానికేముంది? ఎడారిలో ఇనప స్తంభం. ఉంటే ఉంది."

"ఇనప స్తంభం కాదు, స్టీలు రేకు. ఆ సంగతి నీకు నేను చెప్పాలా? మూడు పలకలు, రెండు నిలువుల ఎత్తు. రోడ్డు నుంచి ఒక రోజు నడక. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. టీవీలో పెద్ద పెద్దవాళ్ళు కూర్చుని కొట్టుకుంటున్నారు దాని గురించి."

"ఏమంటున్నారేమిటి?"

"ఒకాయన వేరే గ్రహం వాళ్ళు పాతి వెళ్ళారంటాడు. మూడు పలకలకి ఏదో లెక్క ఉందట, బోర్డు మీద గీసి మరీ చూపించాడు. ఇంకొకాయన మిలిటరీ వాళ్ళ యంత్రమంటాడు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, ఎవరో శిల్పి పేరు కోసం చేసిన పనంటుంది."

"మెకానిక్ అయితే పాత విమానం తోక అన్నాడు. పందెం కాస్తాట్ట."

"నవ్వులాట కాదక్కా. గాలి వీస్తే అందులోంచి ఒక మోత వస్తోందట. అది రికార్డు చేసుకొచ్చి, ఇందులో సంకేతాలున్నాయని ఒక ప్రొఫెసరు, లేవని ఇంకో ప్రొఫెసరు."

"సంకేతాలా? బాగుంది. గొట్టానికి కంత పెడితే గాలికి కూత రాదూ? దానికి ఇద్దరు ప్రొఫెసర్లు కావాలా? ఇది బేకరీ వాళ్ళ పొగగొట్టం, సాయంత్రానికి ఇస్తానన్నాను. నువ్వొచ్చి మాటల్లో పెట్టావు."

"కంత ఉందని నీకెవరు చెప్పారు?"

"నువ్వే అన్నావుగా."

"మోత వస్తోందన్నాను. కంత అనలేదు."

"కంత లేకుండా మోత ఎలా వస్తుందిరా? ఇరవై ఏళ్ళుగా గొట్టాలు చేస్తున్నదాన్ని, ఆమాత్రం తెలీదా? సుత్తి ఇటివ్వు. అది కాదు, కొయ్యది."

"అక్కా."

"ఊఁ."

"దాని అంచులు లోపలికి మడిచి ఉన్నాయి. ఒకటి కాదు, రెండు మడతలు. పైనుంచి కిందదాకా చెయ్యేసి నిమిరినా ఎక్కడా గీసుకోదు."

"అయితే?"

"అలా ఎవరు మడుస్తారు? అందరూ ఒక మడత వేసి వదిలేస్తారు. పట్టుకున్నవాడి చెయ్యి తెగకూడదని బావ ఒక్కడే రెండు వేసేవాడు. టైము దండగని నువ్వే సతాయించేదానివి."

"లోకంలో రెండు మడతలు వేసేవాడు మీ బావ ఒక్కడేనా?"

"నేను చూసినంతలో ఒక్కడే."

"అంత దగ్గరగా ఎప్పుడు చూశావు నువ్వు?"

"చూశానులే."

"చూశానులే అంటే?"

"ఆఫీసు వాళ్ళు వెళ్తే జీపు ఎవరు నడుపుతారు? మాట మార్చకు."

"మారుస్తున్నది ఎవర్రా?"

"విను. బావ పోయి ఆరేళ్ళయింది. ఆ రేకు చూస్తే అయిదేళ్ళు కూడా నిండినట్టు లేదు. మరి ఎవరు చేసినట్టు? నాలుగు రోజులుగా నా బుర్రలో ఇదే తిరుగుతోంది. అన్నం తింటున్నా ఇదే, బండి తుడుస్తున్నా ఇదే. చివరికి ఎంతదాకా పోయానంటే, అప్పుడు దొరికింది బావ కాదేమో, బావ ఎక్కడో బతికే ఉన్నాడేమో అని..."

"అలా అనకు. ఆయన్ని కళ్ళారా చూశాను నేను. ఈ చేతులతో మొహం తుడిచాను. ఇంకెప్పుడూ ఆ మాట అనకు."

"అననులే. మరి ఇది ఎవరి పని?"

"ఆ ఫ్యాన్ ఆపు. గాలికి రేకు కదులుతోంది, గీత కుదరడం లేదు."

"ఫ్యాన్ వెయ్యలేదక్కా. రేకుని కదుపుతున్నది నువ్వే."

"తలుపు దగ్గరగా వేసి రా."

"వేశాను. ఇప్పుడు చెప్పు."

"నేనే చేశాను."

"ఒక్కదానివేనా?"

"ఎవర్ని పిలవను? ఏమని పిలవను? మీ బావ పోయిన రెండో వేసవిలో, పక్క ఊళ్ళో నీళ్ళ ట్యాంకుల పని తగిలిందని చెప్పి పన్నెండు రోజులు షెడ్డు మూశాను. గుర్తుందా?"

"ఎందుకుండదు? పాపని మా ఇంట్లో దింపి వెళ్ళావు. నల్లగా మాడిపోయి తిరిగొచ్చావు. మా ఆవిడ అడిగితే, ట్యాంకులన్నీ ఎండలోనే కదమ్మా ఉండేది అన్నావు."

"ట్యాంకులూ లేవు, గీంకులూ లేవు. రేకులు చుట్ట చుట్టి ఉప్పు లారీలో వేసుకుని రోడ్డు చివరిదాకా వెళ్ళాను. అక్కడ మేకలు కాసే ముసలాయన ఉండేవాడు. మీ బావని మొదట చూసింది ఆయనే. ఆయన రెండు గాడిదలిచ్చి, తనూ వెంట వచ్చాడు. నేను తీసుకెళ్ళింది నాలుగు రేకులు. గాడిదలు మూడు రేకులకే చతికిలబడ్డాయి. నాలుగోది ఆయన గుడిసె మీద కప్పి వెళ్ళాం. మూడు పలకలకి ఉన్న లెక్క అదీ. వెళ్ళి ఆ బోర్డు మీద గీసినాయనకి చెప్పు."

"నువ్వు నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"తెలీదు. మొదటిసారి నిలబెడితే పడిపోయింది. గాలి అలాంటిది అక్కడ. మళ్ళీ విప్పి, మొదలు వెడల్పు చేసి, నడుము లోతు గొయ్యి తీసి, రాళ్ళు, సిమెంటు వేసి పాతాను. రివెట్లు కొడుతుంటే కొండల మధ్య ఆ చప్పుడు తిరిగి తిరిగి వచ్చేది, ఎవరో నా వెనకాల పని చేస్తున్నట్టు. ముసలాయన రోజంతా కూర్చుని చూసేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, ఎవరి కోసమమ్మా ఇది అని అడిగాడు. తెలీదన్నాను. ఎవరొస్తే వాళ్ళ కోసమని చెప్పాను."

"బావ గుర్తుగా కాదా?"

"గుర్తుకి ఇంట్లో ఫోటో ఉంది. ఇదిగో, ఈ కొయ్య సుత్తి ఉంది. దానికి ఎడారికి పోవాలా?"

"మరెందుకక్కా?"

"ఆయన ఎలా పోయాడో నీకు తెలుసు. ఎడారిలో వాతావరణం ఆఫీసు వాళ్ళ కొట్టుకి కప్పు వెయ్యడానికి వెళ్ళాడు. వస్తుంటే బండి ఆగిపోయింది. డ్రైవరు బండి దగ్గర ఉండిపోయాడు, ఈయన నీళ్ళు చూసొస్తానని నడిచాడు. అంతవరకే నీకు తెలుసు."

"దాహంతో పోయాడని తెలుసు."

"దాహంతోనే. కాకపోతే నీకు తెలియనిది ఒకటుంది. ఏడాది తిరిగాక నేను ఆ చోటు చూడాలని వెళ్ళాను. ముసలాయన తీసుకెళ్ళాడు. ఇక్కడే అమ్మా అని చూపించాడు. వెనక్కి తిరుగుతుంటే, నీకు చూపించాలో వద్దో ఏడాదిగా తేలడం లేదమ్మా, ఇంకొంచెం ముందుకి రా అన్నాడు. నాలుగొందల అడుగులు ఉంటాయేమో. ఒక పెద్ద బండ. దాని వెనక్కి తిప్పాడు..."

"చాలక్కా."

"చాలేంటి? అడిగావుగా, విను. అక్కడ నీళ్ళున్నాయి. ఊట. చిన్న బేసిన్ అంత గుంట. నడివేసవిలో చల్లగా ఉన్నాయి. ఎప్పుడూ ఎండవట. నేను కూర్చుని తాగాను. దాహమై కాదు. ఎలా ఉంటాయో చూద్దామని. మంచి నీళ్ళు."

"బావ అంత దగ్గరగా వెళ్ళి పడిపోయాడని నాకు తెలీదు."

"ఎవరికీ తెలీదు. పాపకి కూడా చెప్పలేదు. రోడ్డు లేని చోట ఒక్కడే, రెండు రోజులు నడిచి, సరిగ్గా నీళ్ళ ముందుదాకా వచ్చి, బండకి ఇవతల పడిపోయాడు. అవతల ఏముందో ఆయనకెవరు చెప్తారు? ఇంటికొచ్చాక నాకు అదే. కుళాయి తిప్పితే అదే. గ్లాసు ఎత్తితే అదే. ఎవరో ఒకరు చెప్పాలి కదరా అక్కడ. మనిషి నిలబడి చెప్పలేడు. రేకు నిలబడుతుంది."

"అందుకని ఊట పక్కన..."

"ఊట పక్కనే పాతాను. ఎండకి మైళ్ళ దూరం నుంచి మెరవాలి. కళ్ళు మసకబారితే చెవులకైనా తెలియాలి, అందుకని కంత. ఇక అంచులంటావా? ఒంట్లో శక్తి చచ్చినవాడు వచ్చి చేసే మొదటి పని దాన్ని పట్టుకోవడమే. చెయ్యి తెగకూడదు కదా."

"నాకొక్కడికైనా చెప్పొచ్చుగా."

"చెప్తే వెళ్ళనిచ్చేవాడివా?"

"వెళ్ళనిచ్చేవాణ్ణి కాదు."

"మరి. సరే, అయిందేదో అయింది. మీ ఆఫీసులో ఏమంటున్నారు?"

"రేపు పొద్దున్నే కట్టర్లు తీసుకెళ్ళి కోసేస్తారు. దారి తెలిసినవాణ్ణని నన్ను ముందు జీపులో ఉండమన్నారు."

"ఎందుకు కొయ్యడం?"

"జనం. చూద్దామని కార్లేసుకుని బయల్దేరుతున్నారు. మొన్న ఇద్దరు దారి తప్పితే సాయంత్రానికి వెతికి పట్టుకొచ్చారు. ఎవరికైనా ఏమైనా అయితే తన మెడకి చుట్టుకుంటుందని మా ఆఫీసరు భయం. అందుకే పరిగెత్తుకొచ్చాను. ఇది ఎవరు చేశారో, ఎందుకు చేశారో తెలిస్తే ఆపించొచ్చు. అయిదింటికల్లా ఆఫీసు మూసేస్తారు. నువ్వు నాతో వచ్చి ఇదంతా..."

"కోసెయ్యమను."

"ఏంటి?"

"కోసెయ్యమనరా. దారి తప్పినవాళ్ళు బతకాలని పెట్టాను. ఇప్పుడు దాన్ని చూడ్డానికే వెళ్ళి దారి తప్పుతున్నారు. రేపు ఏ ఇంటి మనిషో పోతే ఆ ఇల్లాలికి నేనేం చెప్పుకోను? పక్కనే నీళ్ళున్నాయమ్మా అని చెప్పనా?"

"బోర్డు పెట్టిద్దాం. దారి వేయిద్దాం. కొయ్యడమెందుకు?"

"నాలుగేళ్ళుగా నిలబడి ఉంది అది. ఒక్క మనిషికి పనికొచ్చిందా? ముసలాయన ఉన్నన్నాళ్ళూ ఉప్పు లారీ వాళ్ళతో కబురు పంపేవాడు, నిలబడే ఉందమ్మా అని. ఆయనా పోయాడు. నిలబడి ఉంటే సరిపోతుందా? ఒక్క ప్రాణం కాపాడి ఉంటే నేనే వచ్చి మీ ఆఫీసరు కాళ్ళు పట్టుకునేదాన్ని. నా కడుపులో మంట చల్లారక నేను చేసుకున్నదది. అంతే. తీసెయ్యనీ."

"తీసెయ్యకూడదక్కా."

"ఎందుకు?"

"తీసెయ్యకూడదు. రేపు నేను జీపు ఎక్కనని చెప్పేసి వచ్చాను."

"ఏమన్నావు? మీ ఆఫీసరుతోనే?"

"మొహం మీదే చెప్పాను."

"మతి పోయిందా నీకు? పదిహేనేళ్ళ ఉద్యోగం. మీ ఆవిడకి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు."

"ఒక రేకు ముక్క కోసం ఉద్యోగం వదులుకుంటావా? అది నేను చేశానని తెలియక ముందే అక్కడ గొడవ పెట్టుకుని వచ్చావంటే, నాకేం అర్థం కావడం లేదు. ఏదో దాస్తున్నావు. నా మొహం చూసి మాట్లాడు."

"టీవీలో చెప్పేది నిజం కాదు."

"ఏది?"

"అదెలా దొరికిందో చెప్తున్నారే, అది."

"హెలికాప్టర్‌లో అడవి మేకల్ని లెక్కపెడుతుంటే కనబడిందన్నారు."

"అలా చెప్పమని మా ఆఫీసరు రాసిచ్చాడు. వైర్‌లెస్ పాడైన జీపు ఇచ్చి, తోడు కూడా లేకుండా మనిషిని ఎడారి లోపలికి పంపింది ఆయనే. ఆ జీపు మధ్యలో ఆగిపోయింది. అది బయటపడితే ఆయన పని అయిపోతుంది."

"ఎవర్ని పంపాడు?"

"ఆయనకి భయపడి నోరు మూసుకోలేదక్కా నేను. నీకెలా చెప్పాలో తెలీక. ఒకసారి విన్న కబురే మళ్ళీ నీ చెవిన ఎలా వెయ్యను? పదిరోజుల డ్యూటీ అని వెళ్ళాను కదా, నువ్వు కంగారు పడలేదు, మంచిదే అనుకున్నాను."

"ఎవర్ని పంపాడ్రా?"

"ఆ హెలికాప్టర్ వచ్చింది మేకల కోసం కాదక్కా, నా కోసం. అప్పటికి మూడు రోజులుగా నువ్వు పాతిన రేకుని ఆనుకుని, ఆ నీళ్ళే తాగుతూ కూర్చున్నాను."